కోరుట్ల రోడ్డు మీద ఆగని ఇంజను

జగిత్యాల వెళ్తున్నానంటే మా తునిలో వద్దననివాడు లేడు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదని ఒకరు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదని ఒకరు, నువ్వు నోరు విప్పితే చాలు ఎక్కడివాడివో పట్టేస్తారని మరొకరు. టీవీలో చూసిందంతా నాకు అప్పజెప్పారు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఎందుకు వెళ్తున్నానో ఆవిడకు తెలుసు. రెండు జతల బట్టల అడుగున నా పానాలూ టార్చిలైటూ సర్ది సంచి చేతికిచ్చింది.

నేను వెళ్ళింది గుళ్ళూ కోటలూ చూడ్డానికి కాదు. ఒక పాత డీజిల్ కారులో, ఇంజనుకు గాలి దట్టించే టర్బో చుట్టూ నూనె కారింది. అది ఎక్కడ మొదలై కారిందో తేల్చడానికి వెళ్ళాను. నవ్వొస్తే నవ్వండి. నూనె మరక కోసం అంత దూరం రైలెక్కిన పిచ్చివాణ్ణి నేనూ ఇంకొకణ్ణి చూడలేదు. కానీ ఆ మరక వెనక ఒక మనిషి కాలు పోయింది, ఇంకో మనిషి జైల్లో ఉన్నాడు.

జైల్లో ఉన్నవాడు ఖాజా. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఇద్దరం ఒకే డీజిల్ షెడ్డులో పనిచేశాం. నాకంటే పదేళ్ళు చిన్న. మా వైపు మెకానిక్‌ని మేస్త్రీ అంటారు, వాడు ఉస్తాద్ అనేవాడు. ఆ పిలుపు వింటే నాకు రెండంగుళాలు పొడుగు పెరిగినట్టుండేది. తర్వాత నేను తునిలో సొంత షెడ్డు పెట్టుకున్నాను. వాడు జగిత్యాల తిరిగివెళ్ళి పాత కారొకటి కొని బాడుగకు తిప్పుకునేవాడు. కారుకి జలుబు చేసినా నాకే ఫోన్. నేను కుర్చీలోంచి లేవకుండా ఫోన్లోనే వైద్యం చేసేవాణ్ణి.

ఈసారి ఫోన్ చేసింది వాడి భార్య షాహీన్ బేగం. కోరుట్ల దగ్గర రాస్తారోకోలో రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ మీదికి ఖాజా కావాలనే కారు ఎక్కించాడని కేసు పెట్టారట. సిరిసిల్ల మగ్గాల పనివాడు ఒకతనికి కుడికాలు మోకాలి కిందికి తీసేశారట. తన భర్త ఇంజను ఆపాడట, అది ఆగలేదట. "ఇంజన్ ఎందుకు ఆగలే భయ్యా, అచ్చి జూసి చెప్పు. మాకు ఇంకెవ్వలు లేరు" అంది.

జగిత్యాల

ఊళ్ళో దిగగానే నాకు మొదట తగిలిన దెబ్బ "నువ్వు". ఆటోవాడు నువ్వన్నాడు, చాయ్ అమ్మేవాడు నువ్వన్నాడు, నా మనవరాలి వయసు పిల్ల కూడా "ఎటు పోవాలె నువ్వు" అంది. మా గోదావరి పక్కన పుట్టి "గారు" లేకుండా నిద్రలేవనివాణ్ణి, మొహం మాడ్చుకున్నాను. సాయంత్రానికి అర్థమైంది. వీళ్ళు మర్యాదను మాటలో పెట్టరు, చేతిలో పెడతారు. అయిదు రూపాయల చాయ్ తాగి యాభై నోటిస్తే చిల్లర లేదని ఆ హోటలువాడు, పోతూ పోతూ ఇద్దువులే అని నోటు తిరిగిచ్చేశాడు. నన్ను అంతకు ముందెప్పుడూ చూసినవాడు కాదు.

షాహీన్ బేగం ఇల్లు ఖిల్లా వైపు ఒక ఇరుకు గల్లీలో ఉంది. ఆ గల్లీలో ఏ గుమ్మం చూసినా ఒక ఆడమనిషి, ఆమె ఒళ్ళో ఒక చాట. బీడీలు చుడుతున్నారు. మా తునిలో ఆకు అంటే తమలపాకు, ఇక్కడ ఆకంటే బీడీ ఆకు. షాహీన్ బేగం నాతో మాట్లాడుతూనే రేకు ముక్కొకటి ఆకు మీద పెట్టి దాని చుట్టూ కత్తెర తిప్పుతోంది. కత్తెర వంక చూడడం లేదు. ఒక్కో ఆకూ ఇంకో ఆకుతో వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తోంది. చేతిపని చేసి బతికినవాణ్ణి గనక అలా చూస్తూ ఉండిపోయాను. ఎంత బాగా కోస్తున్నావమ్మా అంటే, ఏడేళ్ళప్పటినుంచీ అదే పని అని చెప్పింది.

పొద్దున్నే కిచిడీ, పక్కన ఖట్టా పెట్టింది. చింతపండు పులుసులో నువ్వులు నూరి కలిపిన పులుపు. మా పెసరట్టు తిన్న నాలుకకు మొదటి ముద్ద వింతగా ఉంది, నాలుగో ముద్దకు గిన్నె ఖాళీ అయింది. ఆమె తినలేదు. ఖాజా జైలుకెళ్ళినప్పటినుంచీ ఒక్కపూటే తింటోందని పక్కింటావిడ నాతో గొంతు తగ్గించి చెప్పింది. గల్లీలో కొందరు మాట్లాడడం మానేశారట. "మనోడై ఉండి మనోల్ల మీదికే బండి తోలిండు" అన్నారట. బెయిలు అడుగుదామంటే వకీళ్ళు కూడా సమ్మెలో ఉండి కోర్టుకు వెళ్ళడం లేదు. గల్లీ చివర ముసలి వకీలొకాయన ఆమెకు ఒక దారి చెప్పాడు. ఇంజను ఎందుకు ఆగలేదో తెలిసినవాడు రాసివ్వాలి. కాలు పోయిన మనిషి, కావాలని చెయ్యలేదని తన నోటితో అనాలి. ఆ రెండూ జరిగితే కోర్టులు తెరిచాక పెద్ద కేసు నిలబడదు. లేకపోతే ఏళ్ళు పడుతుంది.

ఖాజాను పది నిమిషాలు చూడనిచ్చారు. గడ్డం పెరిగి మనిషి సగమైపోయాడు. ఎడమ చెయ్యి ఇంకా పైకెత్తలేడు, ఆ రోజు జనం కొట్టిన దెబ్బ. ఏడుస్తాడేమో, నేనేం చెయ్యాలి అని భయపడుతూ వెళ్ళాను. ఏడవలేదు. ఇంజను రోగం చెప్పినట్టు వరసగా చెప్పుకుపోయాడు.

రోడ్డు మీద జనం కూర్చుని ఉన్నారు. కుర్రాళ్ళు వచ్చి ఇంజను బంద్ చెయ్యమన్నారు. దూరం నుంచి వచ్చిన టర్బో బండిని వేడి మీద ఒక్కసారిగా ఆపకూడదని, రెండు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలని వాడికి నేర్పింది నేనే. రెండు నిమిషాలు ఆగమని బతిమాలాడు. వాళ్ళకు కోపం వచ్చింది. తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు. తిరుగుడు పెరుగుతూ పోయి అరవడం మొదలుపెట్టింది, వెనక తెల్లటి పొగ కమ్మేసింది. ముందు ఆపననడం, తర్వాత ఇంజను రేపడం, జనానికి కనిపించింది అంతే.

"తర్వాత నువ్వు చెప్పినట్టే చేసిన ఉస్తాద్" అన్నాడు. "టాప్ గేరేసి, బ్రేకు మీద నిలవడి, క్లచ్ ఇడిసిన. ఇంజన్ ఆగింది. కని ఆగేముందు బండి ఒక్క దుంకు దుంకింది."

ఆగని డీజిల్ ఇంజనును చంపే ఉపాయం అదే. ఎంతమందికి నేర్పానో లెక్క లేదు. ఎదురుగా మనుషులు కూర్చుని ఉంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ నేర్పలేదు. ఆ పాఠం నాకూ ఎవరూ చెప్పలేదు.

రోడ్డు మీద భోజనం

జగిత్యాల నుంచి కోరుట్ల మామూలు రోజుల్లో అరగంట దారి. మాకు మధ్యాహ్నం దాటింది. ఆటోలో కొంత దూరం వెళ్ళడం, అడ్డంగా పెట్టిన రాళ్ళ దగ్గర దిగడం, నడిచి దాటి అవతల ఇంకో ఆటో ఎక్కడం. షాహీన్ బేగం బురఖా కొంగు బిగించి నాకంటే ముందు నడిచేది. ఒకచోట కాలిన టైరు తీగ నా చెప్పులోంచి అరికాల్లో దిగింది. పీకేసి, కుంటుకుంటూ నడిచాను. వయసు మీద పడ్డవాణ్ణి, దారి పొడుగునా గొణిగాను కూడా.

పసుపు చేల మధ్య ఒక ఊరి దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. వంటావార్పు అంటారట. రోడ్డు ఆపినవాళ్ళే, ఆగిపోయినవాళ్ళకు కూడా అన్నం పెడతారు. మా వైపు బంద్ అంటే దుకాణం షట్టరు దించి ఇంట్లో నిద్రపోవడమే. ఇక్కడ ఆడవాళ్ళు పొయ్యి ఊదుతూ పాడుతున్నారు, లారీ డ్రైవర్లు వరసలో కూర్చుని విస్తళ్ళు తుడుచుకుంటున్నారు. నాకూ ఆకలిగా ఉంది, కానీ నోరు విప్పడానికి భయం. వడ్డిస్తున్న పెద్దావిడ ఏ ఊరని అడిగింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తుని అన్నాను. ఆంధ్రనా అంది. అవునన్నాను. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు నా వంక తిరిగారు.

"ఆంధ్రోడైతె ఆకలి గాదా? కూసో" అని ఆవిడ గరిటెడు పప్పు వేసింది. బగారన్నం, పప్పు, పచ్చిపులుసు. కుర్రాళ్ళు కాస్త జరిగి చోటిచ్చారు. నేను కడుపునిండా తిన్నాను. షాహీన్ బేగం విస్తరి ముందు తల వంచుకుని కూర్చుంది. ఇలాంటి అడ్డం దగ్గరే కదా తన భర్త బండి దూకింది. తానెవరి భార్యో చెబితే ఆ గరిటె తన విస్తరి దాకా వస్తుందో రాదో ఆమెకు తెలియదు. రెండు మెతుకులు కతికి, చెయ్యి కడుక్కుంది.

కోరుట్ల

కారును ఠాణా పక్కన ఖాళీ జాగాలో పడేశారు. అద్దాలన్నీ పగిలాయి, పైకప్పు కర్రలతో సొట్టలు పడింది. ముందు నంబరు పలక మీద ఏపీ అన్న అక్షరాలు చెరిపేసి టీజీ అని రంగుతో రాసి ఉంది. ఖాజాయే రాసుకున్నాడట. ఆ పలక కూడా వంగిపోయింది. కాపలా ఉన్న జవాను వకీలు రాసిచ్చిన చీటీ చదివి, చూసుకోండి గాని ఏదీ పట్టుకుపోవద్దన్నాడు.

గంగారాం అని ఆ ఊరి మెకానిక్ పానాలు తెచ్చాడు. మంచివాడు, కాని తొందరపాటు మనిషి. వచ్చీ రాగానే టర్బో పోయింది అనేశాడు. చుట్టూ నూనె ఉంది కదా అని చూపించాడు. నాకు చిర్రెత్తింది. చంటిపిల్ల ఏడుపంతా ఆకలి ఏడుపే అన్నట్టుంటుంది ఈ మాట. టర్బో చుట్టూ కనిపించే నూనెలో సగం టర్బోది కాదు. పైన ఎక్కడో చెమర్చి కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది, మన కంటికి టర్బో దగ్గర దొరుకుతుంది. నూనె ఎక్కడ ఎక్కువుందో కాదు, అన్నిటికంటే పైన ఎక్కడ తడిసిందో చూడాలి. కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, ఇంజను నడిపి, పౌడరు ఎక్కడ ముందు తడుస్తుందో చూడడం మా అందరి పద్ధతి. గంగారాం పౌడరు డబ్బా తెచ్చాడు కూడా. వద్దన్నాను. అది బతికున్న ఇంజనుకు చేసే వైద్యం. దీన్ని మళ్ళీ నడిపించే ధైర్యం నాకు లేదు. పోస్టుమార్టం ఒక్కటే మిగిలింది.

ముందు ఇంజను పైమూత అంచులు చూశాను. పొడి, దాని మీద దుమ్ము. పైనుంచి కారలేదన్నమాట. టర్బోకు నూనె తెచ్చే సన్నగొట్టం, దాని రాగి వాషర్లు చూశాను. అక్కడా పొడే. గాలి వచ్చే వైపు రబ్బరు గొట్టం ఊడదీసి వేలు పెట్టి టర్బో చక్రం తిప్పాను. సాఫీగా తిరిగింది. పక్కకు ఊపితే కొత్తదానిలో ఉన్నంతే కదలిక, లోపలికీ బయటికీ లాగితే అసలు లేదు. రెక్కలు ఎక్కడా గోడకు రాసుకోలేదు. టర్బో అరగలేదు. గంగారాం తానూ వేలుపెట్టి చూసి, పౌడరు డబ్బాకు మూత పెట్టేశాడు.

తర్వాత టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే గొట్టం విప్పాను. అందులోంచి నూనె ధారగా నా చేతుల మీదికి పడింది. ఇంజను తాగింది దీన్నే. డీజిల్ ఇంజనుకు ఆ చెడ్డగుణం ఉంది. గాలితో పాటు నూనె లోపలికి పోతే దాన్నే కాల్చుకుని తిరుగుతుంది. తాళం తిప్పితే డీజిల్ ఆగుతుంది, ఆ నూనె ఆగదు. ఖాజా చెప్పింది అక్షరాలా నిజం. షాహీన్ బేగం వంక తిరిగి, మీ ఆయన తప్పేం లేదమ్మా అన్నాను. ఆమె బురఖా కొంగుతో ఆ కారు తలుపు మీది దుమ్ము తుడిచింది.

అక్కడితో ఆపి, కాగితం రాసిచ్చి వచ్చేస్తే సరిపోయేదేమో. కానీ అరగని టర్బో నూనె ఎందుకు కక్కిందో తేలకపోతే కోర్టులో ఎవడో ఒకడు అడుగుతాడు. బాగున్న టర్బో నూనె కక్కిందంటే ఒకటే కారణం, ఆ నూనెకు కిందికి దిగే దారి లేదు. వచ్చే నూనె ఒత్తిడితో వస్తుంది, దిగే నూనె తన బరువుతోనే దిగాలి. అందుకే దిగే గొట్టం బొటనవేలంత లావుంటుంది. కారు కింద పడుకుని ఆ గొట్టం బోల్టులు రెండూ విప్పాను. అతుకులోంచి నూనె కారకుండా మధ్యన పెట్టే గ్యాస్కెట్ ఊడి నా ఛాతీ మీద పడింది.

శుభలేఖ అట్టతో కోసిన గ్యాస్కెట్ అది. ఒక మూల బంగారు రంగు అక్షరాలు సగం మిగిలి ఉన్నాయి. అంచులు గీత గీసినట్టున్నాయి, బోల్టు చిల్లులు అచ్చు పోసినట్టున్నాయి. అంత శుభ్రంగా కోసిన గ్యాస్కెట్ నా షెడ్డులో కూడా చూడలేదు. మధ్యలో ఉండాల్సిన పెద్ద చిల్లు మాత్రం శనగగింజంత ఉంది. దానిలోకి కూడా అతుకుకు రాసిన పేస్టు పిండుకుని వచ్చి సగం మూసేసింది.

అప్పుడు నాకు ఆ ఫోన్ గుర్తొచ్చింది. ఈ గొడవకు పదకొండు రోజుల ముందు ఖాజా చేశాడు. కింది గొట్టం అతుకు దగ్గర నూనె చుక్కలు పడుతున్నాయి, గ్యాస్కెట్ పాడైంది, బంద్‌లకు దుకాణాలన్నీ మూసి ఉన్నాయి అన్నాడు. మందపాటి అట్ట కోసి పేస్టు రాసి బిగించు, బోల్టు చిల్లులు సరిగ్గా కుదరాలి, మధ్యలో ఒక చిల్లు పెట్టు అన్నాను. ఎంత చిల్లో చెప్పలేదు. మా పనిలో ఉన్నవాళ్ళకు అది చెప్పాల్సిన ముక్క కాదు. పైగా నేను పేకాటలో ఉన్నాను, చేతిలో మంచి ముక్కలు పడ్డాయి.

కారు కిందే పడుకుని ఉండిపోయాను. సిగ్గుతో బయటికి రాబుద్ధి కాలేదు. జవాను మాట గుర్తున్నా ఆ అట్టముక్కను జేబులో పెట్టుకున్నాను. బయటికొచ్చి, నూనె దిగే దారి మూసుకుపోయిందమ్మా అని మాత్రం చెప్పాను. ఎలా మూసుకుపోయిందని గంగారాం అడిగితే, పాత బండి కదా అని దాటేశాను.

కథలాపూర్ దాటాక

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల. ఒక పాత జీపు దొరికింది, మనిషికి మామూలు రోజుల కంటే రెట్టింపు. కథలాపూర్ దాటాక మిగతావాళ్ళు దిగిపోయారు. వెనక సీట్లో నేనూ షాహీన్ బేగం మిగిలాం. దారి పొడుగునా ఆమె చేతులు ఒళ్ళో ఊరికే ఉన్నాయి. అంతకు ముందు ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు.

ఆమె నా జేబు వంక చూసి అడిగింది.

"నేను వెట్టిన చిల్లు చిన్నగయ్యిందా భయ్యా?"

 అప్పటిదాకా ఆ అట్ట కోసింది ఖాజానే అనుకుంటున్నాను. ఆ అంచులు చూసి కూడా నాకు తట్టలేదు, చూడండి నా తెలివి. ఖాజాకు దగ్గరి చూపు సరిగ్గా లేదట. నీ చెయ్యి సాఫ్‌గా నడుస్తుంది, నువ్వే కొయ్యి అన్నాడట. గొట్టం అంచు అట్ట మీద అద్దితే పడిన నూనె ముద్ర చూసి, ఆకు కోసినట్టు కోసింది. మధ్య చిల్లు దగ్గర ఆగి ఆలోచించిందట. కారే నూనెను ఆపడానికే కదా ఇదంతా, చిల్లు చిన్నగా ఉంటే కారడం కూడా తగ్గుతుంది కదా అనుకుందట.

నేను చెప్పకపోవడం వల్ల జరిగిందమ్మా అన్నాను. ఆ సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు, కాగితంలో దారి మూసుకుపోయిందని రాస్తాను, అంతే చాలు అన్నాను. ఆమె అట్టముక్కను జేబులోంచి తీసి ఇమ్మని చెయ్యి చాపింది. ఇచ్చాను.

సిరిసిల్ల

సిరిసిల్లలో నాలుగు అడుగులకు ఒక మగ్గాల షెడ్డు. కరెంటు ఉంటే ఊరంతా ఒకటే దడదడ, పోతే ఒక్కసారిగా నిశ్శబ్దం. మేం వెళ్ళేసరికి కరెంటు లేదు. పనివాళ్ళు అరుగుల మీద కూర్చుని కరెంటు కోసం ఎదురుచూస్తున్నారు. ఎవరి ఇల్లు కావాలని అడిగితే, కాలు పోయిన రాజేశం అనగానే ముగ్గురు లేచి దారి చూపించారు. ఆ వీధిలో అతనిప్పుడు పెద్దమనిషి. ఉద్యమంలో కాలు పోగొట్టుకున్నవాడు.

చెప్పులో తీగ గుచ్చుకున్న పాదంతో నేనింకా కుంటుతూనే ఉన్నాను. గుమ్మంలో అడుగు పెట్టి, మంచం మీద అతన్ని చూశాక, కుంటడం మానేశాను. నొప్పి ఉన్నా మానేశాను.

నలభై దాటిన మనిషి. గోడకు రెండు వాడిన పూలదండలు, ఎవరో వచ్చి వేసినవి. ఒక్కొక్కరు నాలుగైదు మగ్గాల మధ్య రోజంతా నడుస్తూ చేసే పని అతనిది. మగ్గాలు ఆగిపోయి పనిలేక కోరుట్లలో చెల్లెలింటికి వెళ్ళి, అందరితో పాటు రోడ్డు మీద కూర్చున్నాడు. అతని భార్య సత్తవ్వ మాకు మంచినీళ్ళిచ్చింది. ఇచ్చాక, షాహీన్ బేగం తానెవరో చెప్పుకుంది. సత్తవ్వ ఆ చెంబును వెనక్కి తీసుకుని గోడవారన నిలబడింది.

నేను ఇంజను కథ మొదలుపెట్టాను. అతను మధ్యలో ఆపలేదు. నూనె గొట్టం దాకా వచ్చి, దారి మూసుకుపోయింది అన్నాను. షాహీన్ బేగం లేచి ఆ అట్టముక్కను అతని మంచం మీద పెట్టింది.

"గిది నేను కత్తిరించిన. నడుమ తొర్ర చిన్నగ వెట్టిన. నూనె తక్కువ కారుతది అనుకున్న" అంది.

సత్తవ్వ గోడ దగ్గరినుంచి ఒక్క మాటంది. "గిది నువ్వు చెప్పకుంటె ఎవలకెరుకయితుండె?" అది కోపమో జాలో ఇప్పటికీ నాకు తెలియదు.

రాజేశం అట్టను వెలుతురుకు పట్టి చూశాడు. చిటికెన వేలు ఆ చిల్లులో పెట్టబోతే పట్టలేదు. వెనక్కి తిప్పాడు, బంగారు అక్షరాలు చదవడానికి చూశాడు. మగ్గానికి తోలుముక్కలు కోసి వేసుకునే మనిషి, అతనికి నేను విడమరిచి చెప్పాల్సిన అవసరం లేదు.

"నాకెరుకే" అన్నాడు చివరికి. "గాయిన మొకం సూసిన. సీట్ల కెల్లి లేసి బ్రేకు మీద నిలవడ్డడు. చంపేటోని మొకం గట్లుండది."

మరి కావాలనే గుద్దాడని ఎందుకు చెప్పావని అడిగాను. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి మంచం చుట్టూ జనమట. కావాలనే గుద్దాడు కదా అని అడిగారట, ఊ అన్నాడట. ఆ ఊ మీదే దండలు వచ్చాయి, వారం వారం బియ్యం వస్తున్నాయి. "ఉద్యమంల పోయిందంటె నా కాలుకు ఒక ఇలువుండె. అట్టముక్కకు పోయిందంటె ఏమున్నది?" అన్నాడు.  

 షాహీన్ బేగం నిలబడే ఉంది. ఏడ్చి బతిమాలుతుందేమో అనుకున్నాను. అడగడానికి వచ్చింది ఆమె అడగనేలేదు. వకీలొస్తే తాను చూసింది చూసినట్టు చెబుతానని అతనే అన్నాడు. సత్తవ్వ తల తిప్పుకుంది.

"ఇన్ని దినాలు నొప్పి లేసినప్పుడల్ల ఒకన్ని తిట్టుకున్న" అన్నాడు. "ఇగ ఎవల్ని తిట్టాలె?"

"నన్ను తిట్టు. చిల్లు ఎంత పెట్టాలో చెప్పనివాణ్ణి నేనే" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్ను తిట్టుడు అల్కనే. ఆంధ్రోనివి, మా గల్లీ అంత తోడస్తది" అన్నాడు. నవ్వాడు. నవ్వుకు కోసిన కాలు కదిలి నొప్పి పుట్టినట్టుంది, ఆపేశాడు. నా నంబరు అడిగి సత్తవ్వతో మంచం పక్కన గోడ మీద బొగ్గుతో రాయించాడు. అప్పుడే కరెంటొచ్చి వీధంతా దడదడ మొదలైంది. ఆ చప్పుడులో ఇంక మాటలు కుదరవని మేం లేచాం. అట్టముక్కను అతను తన దిండు కిందే పెట్టుకున్నాడు. వకీలుకు తానే ఇస్తానన్నాడు.

మళ్ళీ తుని

ఇది నేను తిరిగొచ్చాక కొన్ని నెలలకు రాస్తున్నాను. సమ్మె ముగిసి కోర్టులు తెరిచారు. రాజేశం మాట తప్పలేదు. పెద్ద కేసు నిలబడలేదు, ఖాజా బయటికొచ్చాడు. నిర్లక్ష్యంగా నడిపాడన్న చిన్న కేసు ఇంకా నడుస్తోంది. వాడు స్టీరింగు పట్టడం లేదు, కారును తుక్కుకు ఇచ్చేశాడు. సిరిసిల్లలో రాజేశం ఇంటికి బియ్యం రావడం ఆగిపోయిందని షాహీన్ బేగం ఫోన్లో చెప్పింది. తాను చుట్టిన బీడీల కూలీలోంచి ఏదో పంపబోతే సత్తవ్వ తిప్పి పంపేసిందట. నేను పంపిన డబ్బు మాత్రం తీసుకుంది. ఎందుకలాగో నేను అడగలేదు.

నేను పేకాట మానేశాను. అదేదో గొప్ప త్యాగంలా చెప్పడం లేదు. ముక్కలు పడితే ఆ ఫోన్ గుర్తొస్తుంది, అంతే.

రాజేశం ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి, అన్నమాట ప్రకారం, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఊకొట్టాను. రెండోసారి సగం తిట్టి, తిన్నవా అని అడిగాడు. మూడోసారి షెడ్డులో ఉండగా చేశాడు. ఇంజను ఆపించి ఎత్తాను. ఈసారి ఒక్క తిట్టు కూడా లేదు.

"ఉస్తాద్" అన్నాడు. ఆ పిలుపు అతని నోట అదే మొదలు. "లేని కాలు గుంజుతున్నది. పాదం నుంచి మంట లేస్తున్నది, పాదమే లేదాయె. నూనె ఏడికెల్లి కారిందో పట్టినోనివి గద. గీ నొప్పి ఏడికెల్లి అస్తుందో జర చెప్పు."

నాకు తెలియదని చెప్పాను. అతను ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.